పాడేరు సంతల్లో మిగులు: ఒక పునఃపరిశీలన

మిగులు గురించి మూడు కీలకమైన పరిశోధన పత్రాలు ఒకే ఏడాది, 1954లో, వెలువడ్డాయి. పల్లెల్లో మిగిలిపోతున్న శ్రమ పరిశ్రమలకు తరలితే దేశంలో పెట్టుబడి పెరుగుతుందని ఆర్థర్ లూయిస్ వాదించాడు. అందరూ వేటాడే నీళ్లలో రావలసిన మిగులు ఎవరికీ దక్కకుండా పోతుందన్నాడు స్కాట్ గోర్డన్. ఏటా పెరిగినంతే పట్టుకుంటే చేపల నిల్వ తరగదని మిల్నర్ షేఫర్ సమీకరణం కట్టి చూపించాడు; అతని లెక్కలో ఆ పెరుగుదలే మిగులు. పద్దులు రాసేవారికైతే ఖర్చులు పోగా నిలిచిన సొమ్మే మిగులు. ఈ అర్థాలలో పాడేరు కొండలకు షేఫర్‌దే సరిపోతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

సంతకు వచ్చిన సరుకంతా మిగులేనని లెక్కవేయడం మనకు అలవాటు. పాడేరు, హుకుంపేట, చింతపల్లి సంతలకు పసుపు, మిరియాలు, రాజ్‌మా, చింతపండు దిగుతాయి. వాటిని పండించినవాళ్ల ఇళ్లలో గింజలు నిండుగా ఉన్నాయనడానికి అదొక్కటే రుజువుగా చాలదు. పి.ఎన్. మాథుర్, హన్నన్ ఎజెకియల్ 1961లోనే ఈ మెలిక పట్టుకున్నారు. రైతుకు కావలసిన నగదు ఇంతేనని స్థిరంగా ఉంటే, ధర పడినప్పుడు అతను అమ్మకం తగ్గించడు, పెంచుతాడు. వాళ్లు రాసింది తిండిగింజల గురించే అయినా, సావుకారు అప్పు తీర్చడానికి కాటా ఎక్కే పసుపు బస్తాకూ అదే వర్తిస్తుంది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడటానికీ, షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేస్తూ 1960లో నిబంధన రావడానికీ వెనక ఉన్నది ఈ సావుకారు అప్పే.

పసుపునే దగ్గరగా చూద్దాం. కొండల్లో దాన్ని రెండేళ్ల దాకా భూమిలో ఉంచే పద్ధతి ఉంది. కొమ్ము ఊరేది మట్టిలోనే. తవ్వాక విత్తనానికి కొంత పక్కన పెట్టి, మిగతాది ఉడకబెట్టి, ఎండబోసి, సంతకు తెస్తారు. జబ్బో పెళ్లో వచ్చిపడి మొదటి ఏడాదే తవ్వాల్సివస్తే రెండో ఏటి పెరుగుదల పోతుంది. విత్తనపు దుంప కూడా అమ్ముకుంటే మళ్లీ అప్పే. చేతిలో పడిన నగదు లెక్కలో ఇది ఆదాయం. షేఫర్ లెక్కలో మాత్రం అసలే తరిగింది.

అడవి సరుకు దగ్గరికి వస్తే గోర్డన్ కూడా కావాలి. ఉసిరి ముదిరేదాకా ఆగినవాడికి కాయ దొరుకుతుందన్న హామీ లేనప్పుడు పచ్చికాయే రాలుస్తారు, కొమ్మలు కూడా నరుకుతారు. దీన్ని గిరిజనుల అజ్ఞానమనడం తేలిక, తప్పు కూడా. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కు, అడవిపై సాముదాయక హక్కు గుర్తించిన 2006 చట్టం ఊరు ఊరంతా కలిసి ఆగడానికి వీలు కల్పించింది. ఆ హక్కు కాగితం దాటి ఊరికి చేరిన చోటే ఆగడం సాధ్యం.

కాబట్టి ఈ ప్రాంతంలో మిగులు కొలిచే పరిశోధకులు సంత కాటా దగ్గరే ఆగిపోకూడదు. అమ్మినవారు ఎంత విత్తనం అట్టిపెట్టుకున్నారో, ఆ ఏడాదిలోనే తిరిగి ఎంత తిండిగింజ కొనుక్కున్నారో కూడా ఇల్లిల్లూ అడిగి రాసుకోవాలి.