ఓరుగల్లు నుండి మోటుపల్లికి



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. ఓరుగల్లు కోట గురించి, వేయిస్తంభాల గుడి గురించి, రామప్ప గురించి పెద్దలు ఇదివరకే చాలా రాశారు. అందుచేత మన కాకతీయులదే అయినా, మన ఊళ్ళో లేని ఒక శాసనం గురించి రాస్తున్నాను. అది సముద్రపు ఒడ్డున, బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లి అనే గ్రామంలో ఉన్నది. గత సంక్రాంతి సెలవులలో మా శ్రీమతి, అబ్బాయి, కోడలు, ఇద్దరు మనుమలతో కలిసి కారులో వెళ్ళి, తీరం వెంట మూడు రోజులు తిరిగి, దానిని కళ్ళారా చూసి వచ్చాము.

నేను వాణిజ్య పన్నుల శాఖలో 1977లో చేరి 2011లో రిటైరయ్యాను. సర్వీసులో సగం కాలం చెక్‌పోస్టుల మీదనే గడిచింది. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చి ఆ చెక్‌పోస్టులు కూడా పోయాయి. సుంకాలు వసూలు చేసినవాడిని కనుక, 780 ఏళ్ళ క్రితం ఓరుగల్లు రాజు తన రేవులో సుంకం ఎంతో రాతి మీద చెక్కించి పెట్టాడని చదివినప్పటినుంచి అక్కడికి వెళ్ళాలన్న కోరిక ఉండేది.

బయలుదేరేముందు మా చిన్న మనుమడు "తాతా, మన ఊరికి సముద్రమే లేదు కదా, మన రాజుకు ఓడరేవు ఎందుకు?" అని అడిగాడు. ప్రశ్న చిన్నదే అయినా ఈ వ్యాసానికి మూలం అదే.

సముద్రం లేని రాజధానులు

దక్కను పీఠభూమి మీద రాజ్యం చేసిన వారందరికీ ఒక ఇబ్బంది ఉండేది. పంటలు, చెరువులు, కోటలు ఇక్కడ ఉంటాయి. యుద్ధానికి కావలసిన మేలుజాతి గుర్రాలు, గుడికి కావలసిన కర్పూరం, చందనం, నగలకు పగడాలు, పోత పనికి రాగి సముద్రం దాటి రావాలి. మన నేత బట్టలు అవతలి దేశాలకు పోవాలి. కనుక రాజధాని ఎక్కడ ఉన్నా రాజు చూపు తూర్పు తీరం మీద ఉండక తప్పదు. మా ప్రయాణంలో ఆగిన ప్రతి ఊరూ ఈ మాటకు సాక్ష్యం చెప్పింది.

ఖమ్మం మీదుగా విజయవాడ చేరి, అక్కడినుంచి సుమారు 70 కిలోమీటర్లు వెళ్ళి మొదటి రాత్రి మచిలీపట్నంలో బస చేశాము. మనలో చాలామందికి ఈ ఊరు ఆంధ్రా బ్యాంకు ద్వారా తెలుసు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆ బ్యాంకును స్థాపించింది ఇక్కడే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైనా, ఆ పాసుపుస్తకం ఇంకా దాచుకున్న పెన్షనర్లు మన సంఘంలో ఉన్నారు.

గోల్కొండ సుల్తానులకు బందరే పెద్ద రేవు. ఇక్కడి కలంకారీ అద్దకం బట్టల కోసం డచ్చివారు, ఇంగ్లీషువారు పోటీపడి వచ్చారు. 1611లో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు ఓడ ముందు నిజాంపట్నం దగ్గర ఆగి, తరువాత బందరు చేరింది. ఇంగ్లీషువారి వర్తకశాల ఇక్కడ ఆ ఏడే మొదలైంది. కోట శిథిలాలు, డచ్చివారి సమాధులు ఈనాటికీ ఉన్నాయి.

ఆ రేవు తరువాత ఎందుకు దెబ్బతిన్నదని మా కోడలు అడిగింది. మేటలు ఒక కారణం. అంతకంటే పెద్ద దెబ్బ 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుపాను. సముద్రం ఊరి మీదికి వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. 2023లో అక్కడ మళ్ళీ కొత్త ఓడరేవు పనులు ప్రారంభించారు.

దివిసీమ మీదుగా

రెండవ రోజు ఉదయం ఘంటసాల వెళ్ళాము. గాయకుడు ఘంటసాల గారి ఇంటిపేరు గుర్తుకు రావడం సహజమే గాని, ఈ ఊరు అంతకంటే చాలా పాతది. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ పండితుడు పేర్కొన్న 'కొంటకొస్సిల' ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడ బౌద్ధస్తూపం బయల్పడింది. సాతవాహనుల కాలంలో రోము నగరంతో సాగిన వర్తకానికి ఇలాంటి రేవులే ద్వారాలు.

అక్కడినుంచి అవనిగడ్డ. మన వయసువారికి దివిసీమ అనగానే 1977 నవంబరు 19 గుర్తుకు వస్తుంది. ఉప్పెనలో పదివేలకు పైగా ప్రజలు చనిపోయారు. నేను ఉద్యోగంలో చేరిన సంవత్సరమది. మా ఆఫీసులో అందరం చందాలు వేసుకుని బియ్యం, బట్టలు పంపాము. పులిగడ్డ వద్ద మృతుల స్మారక స్తూపం దగ్గర కారు ఆపి నమస్కరించుకున్నాము. పిల్లలకు ఆ రాత్రి సంగతి చెబుతుంటే మా శ్రీమతి "ఏమండీ, ఇక చాలు, చిన్నవాడు భయపడుతున్నాడు" అన్నది. కాని ఈ తీరంలో గాలివాన అంటే ఏమిటో తెలియకపోతే మోటుపల్లి శాసనం అర్థం కాదు.

ఈ దివిసీమకూ ఓరుగల్లుకూ బంధుత్వం కూడా ఉన్నది. గణపతిదేవుడు (పాలన 1199–1262) రాజ్యానికి వచ్చిన కొత్తలోనే దివిసీమను జయించాడు. జయించి, ఆ సీమను తిరిగి దాని పాలకులైన అయ్య వంశం వారికే ఇచ్చాడు. ఆ ఇంటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను తన గజసైన్యానికి అధిపతిని చేశాడు. 'నృత్తరత్నావళి' రాసిన జాయప సేనాని ఆయనే. 1213 నాటి ఆయన చేబ్రోలు శాసనం ఈ వివరాలు చెబుతున్నది. రామప్ప గుడి కట్టిన సంవత్సరం కూడా 1213 కావడం గమనించండి. కొండల నడుమ పాలంపేటలో శిల్పులు ఉలి పట్టిన రోజులలోనే ఓరుగల్లు సముద్రం దాకా విస్తరించింది.

పులిగడ్డ–పెనుమూడి వారధి మీదుగా కృష్ణ దాటి, రేపల్లె నుంచి బాపట్ల చేరాము. సాయంత్రం సూర్యలంకలో పిల్లలు కెరటాలలో ఆడుకున్నారు. మా శ్రీమతి కూడా చీర చెరగు బిగించి మోకాళ్ళ లోతు దిగింది.

మోటుపల్లి శాసనం

మూడవ రోజు పొద్దున్నే చీరాల దాటి ఉప్పుకొటారుల మధ్యగా మోటుపల్లి వెళ్ళాము. ఇప్పుడది చిన్న పల్లె. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ ప్రాంతం గురించే. 1290ల నాటి ఆయన రాతలో ఈ దేశాన్ని ఒక రాణి చాలా న్యాయంగా ఏలిందని, ఇక్కడి సన్నబట్ట సాలెగూడు అల్లికలా ఉంటుందని ఉన్నది. ఆ రాణి మన రుద్రమదేవి. ఆమె గణపతిదేవుని కూతురు కాగా, మార్కోపోలో భర్త పోయాక రాజ్యమేలిన రాణి అని విన్నాడు. పరదేశానికి వార్త చేరేసరికి వరుస మారింది గాని, న్యాయం మాట మారలేదు.

వీరభద్రస్వామి ఆలయ మండపంలోని స్తంభం మీద ఉన్నది గణపతిదేవుని శాసనం. కాలం 1244–45. దీనినే అభయశాసనం అంటారు. హుల్ట్ష్ అనే జర్మను పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో దీనిని ప్రకటించారు. అందులోని సారాంశం ఇది.

ఓడలు ఒక దేశం నుంచి మరొక దేశానికి పోతూ గాలివానలో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొని వస్తే పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం బలవంతంగా తీసుకొనేవారు. ధనం కోసం ప్రాణాన్ని కూడా లెక్కచేయక అంత ప్రమాదకరమైన సముద్రయానం చేసేవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పైకి ఒక వంతు. మన లెక్కలో నూటికి మూడు రూపాయల ముప్పైమూడు పైసలు. ఆ తరువాత సరుకుల పట్టిక ఉన్నది: చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు మొదలైనవి.

ఈ శాసనం విలువ నాకు ఉద్యోగంలో చూసిన ఒక సంఘటన వల్ల బాగా బోధపడింది. ఒక రాత్రి మా చెక్‌పోస్టుకు కొద్ది దూరంలో నూనె డబ్బాల లారీ బోల్తా పడింది. మేము వెళ్ళేసరికి చుట్టుపక్కల జనం డబ్బాలు మోసుకుపోతున్నారు. డ్రైవరు తల పగిలి రోడ్డు పక్కన కూర్చొని, "సారూ, ఓనరుకు ఏం చెప్పాలె?" అని ఏడుస్తున్నాడు. గాయపడ్డ మనిషికి మంచినీళ్ళు ఇచ్చినవారికంటే డబ్బాలు ఎత్తుకున్నవారే ఎక్కువ. వారు దొంగలేమీ కారు, మామూలు రోజుల్లో మంచివాళ్ళే. పడిపోయినవాడి సొత్తు అందరి సొత్తు అనే బుద్ధి మనిషిలో ఎక్కడో ఉంటుంది. రాజుకే ఆ బుద్ధి ఉంటే అడిగేవారెవరు? అందుకే, అడిగేవారు లేని చోట ఒక రాజు తన చేతిని తానే కట్టేసుకున్నాడంటే అది సామాన్య విషయం కాదు.

బయటి ప్రపంచాన్ని కూడా చూడండి. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టం ప్రకారం, పగిలిన ఓడలోంచి ఒక మనిషో, కుక్కో, పిల్లో ప్రాణంతో బయటపడితే ఆ సరుకు యజమానిదే. ఏడాది ఒక రోజులోగా వచ్చి రుజువు చేసుకోవాలి. ఏ ప్రాణీ మిగలకపోతే సరుకు రాజుదే. అంతకు 30 ఏళ్ళ ముందే మోటుపల్లి స్తంభం మీద ఇలాంటి షరతు లేకుండా అభయం రాసి ఉన్నది.

ఇందులో దయతో పాటు లెక్క కూడా ఉన్నది. ఈ రేవులో తన సరుకు క్షేమమని నమ్మిన వర్తకుడు మళ్ళీ వస్తాడు, నలుగురికి చెబుతాడు. ఒక్క ఓడ దోచుకుంటే ఒక్కసారే లాభం. వంద ఓడలు వస్తే ముప్పైకి ఒకటి చొప్పునే ఖజానా నిండుతుంది. సుంకం ఎంతో ముందే అందరికీ తెలియాలని, అధికారి ఇష్టాన్ని బట్టి మారరాదని దానిని రేవులోనే రాతి మీద చెక్కించారు. సర్వీసంతా జీవోలు, మెమోలు చదివిన మనకు ఆ ముందుచూపు వేరే చెప్పనక్కరలేదు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. అయినా మాట మిగిలింది. తరువాత ఈ తీరాన్ని ఏలిన రెడ్డి రాజులలో అనపోతారెడ్డి 1358లో ఇదే మోటుపల్లిలో వర్తకులకు రాయితీలిస్తూ మళ్ళీ శాసనం వేయించాడు. వంశం మారినా, ఆ రేవులో వర్తకునికి రాతపూర్వకంగా మాట ఇచ్చే పద్ధతి పోలేదు.

గుడి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన "ఏ ఊరండీ మీది?" అని అడిగారు. వరంగల్లు అని చెప్పాను. "ఓరుగల్లా! అయితే మా రాజుగారి ఊరి వాళ్ళన్నమాట, రండి" అని పక్కకు జరిగి చోటిచ్చారు. పిల్లలకు కొబ్బరి ముక్కలు పెట్టారు. 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి, మన రాష్ట్రానికి సముద్రతీరం లేదు. మనలో ఎందరో ఆ జిల్లాలలో ఉద్యోగం చేశారు, అక్కడివారు ఎందరో ఇక్కడ రిటైరయ్యారు. గణపతిదేవుడిని ఆ పెద్దాయన "మా రాజుగారు" అన్నప్పుడు నాకు కొంచెం గర్వం, ఎక్కువ సంతోషం కలిగాయి.

మా మనుమడికి జవాబు అక్కడే దొరికింది. వాడు స్తంభం మీది అక్షరాలను వేలితో చూపి "ఇది మన కోట రాజు రాసిందా?" అని రెండుసార్లు అడిగాడు. అయితే ఆ అక్షరాలను గుర్తుపట్టి చదవగలిగినవారు మా కారులో ఎవరూ లేరు. మన ఊరి పిల్లలలో మోటుపల్లి పేరు విన్నవారు ఎందరుంటారో ఆలోచించండి. కోట చూడడానికి వెళ్ళినప్పుడు తోరణాల దగ్గర ఫోటోలు తీసుకుంటారు గాని, ఆ తోరణాల రాజు గాలివానలో చిక్కినవాడికి ఇచ్చిన మాట గురించి వారికి చెప్పేవారు లేరు.

కనుక నా మనవి ఒక్కటే. ఆరోగ్యం, అవకాశం ఉన్న సభ్యులు మనుమలు, మనుమరాళ్ళతో ఈ యాత్ర చేయండి. చలికాలం మంచిది, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం వరకు తుపానుల భయం ఉంటుంది. బాపట్లలో గాని చీరాలలో గాని బస చేసి, మోటుపల్లికి పొద్దున్నే వెళ్ళండి. బి.పి., షుగరు మాత్రలు రెండు రోజులకు సరిపడా అదనంగా పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో పొన్నూరు మీదుగా వస్తే చేబ్రోలు తగులుతుంది, జాయప సేనాని ఊరు చూడకుండా రాకండి. వెళ్ళలేనివారు కనీసం ముప్పైకి ఒక వంతు కథను ఇంట్లో పిల్లలకు చెప్పండి. సంఘం తరఫున ఒక బస్సు ఏర్పాటు చేయగలిగితే ముందు సీటు నాకు అక్కరలేదు, దారి చెప్పడానికి వెనుక సీటైనా చాలు.