తాళంచెవి ఇచ్చే బల్ల

1829 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో ట్రెమాంట్ హౌస్ అనే హోటల్ తెరిచారు. అంతకుముందు అక్కడ ఊరుగాని ఊరు వెళ్లినవాళ్లకు ఎక్కువగా ట్యావెర్నే దిక్కు. లోపలికి అడుగుపెట్టగానే మద్యం బల్ల. దాని వెనకున్న యజమానే మందు పోసేవాడు, గది చూపేవాడు, డబ్బు తీసుకునేవాడు. ముక్కూమొహం తెలియని వాడితో ఒకే మంచం పంచుకోవాల్సి రావడం మామూలే.

వాస్తుశిల్పి ఐజయా రోజర్స్ ఆ బల్లను గుమ్మం ఎదుట నుంచి తప్పించాడు. గుమ్మటం కింద గుండ్రటి హాలు, దాన్ని ఆనుకుని ఆఫీసు, అందులో గుమాస్తా. వచ్చినవాళ్లను పలకరించి గది కేటాయించడమే అతని పని. సుమారు 170 గదులుంటే, ప్రతిదానికీ విడిగా తాళం. లోపల నీళ్ల కూజా, ఉచితంగా సబ్బు.

అసలు మార్పు తెచ్చింది ఆ తాళమే. ఏ తాళంచెవి ఎవరి దగ్గరుందో, ఏ గది ఖాళీ అయిందో తెలిసిన మనిషి రాత్రీ పగలూ అక్కడ ఉండి తీరాలి. రిసెప్షనిస్టు కొలువుకు వేరు అక్కడుంది. చిరునవ్వు తర్వాత చేరింది.

మరుసటి ఏడాదే ఆ భవనం నమూనాలతో పుస్తకం వచ్చింది. మిగతా నగరాలు దాన్ని చూసి కట్టుకున్నాయి. 1836లో న్యూయార్క్‌లో తెరిచిన ఆస్టర్ హౌస్ కూడా రోజర్స్ చేతి పనే.

పాత హోటళ్లలో కౌంటర్ వెనక గోడనిండా చెక్క గూళ్లుండేవి, గదికొకటి చొప్పున. గూట్లో తాళంచెవి వేలాడుతుంటే అతిథి బయటికెళ్లినట్టు. పక్కన ఉత్తరం కనిపిస్తే, రాగానే అందించాలి. చెవిని జేబులో వేసుకుని పోకుండా దానికి బరువైన ఇత్తడి బిళ్ల తగిలించేవారు. ఇంత సమాచారాన్ని ఒక్క చూపులో చదవగలగడం చిన్న నేర్పేం కాదు. రాత్రి డ్యూటీ వారికి ఇంకో బరువు: ఊరంతా నిద్రపోతుంటే ఆ రోజు బిల్లులన్నీ సరిచూసి లెక్క ముగించాలి.

బిల్లులకు తోడు ప్రభుత్వానికి చూపాల్సిన లెక్కా ఉంది. మన దేశంలో 1867 నాటి సరాయిల చట్టం సత్రాలను జిల్లా మేజిస్ట్రేటు దగ్గర నమోదు చేయించమంది. ఇప్పుడు విదేశీయుడు దిగితే హైదరాబాద్ స్టార్ హోటలైనా, విశాఖ లాడ్జి అయినా 24 గంటల్లోగా వివరాల ఫారం అధికారులకు పంపాల్సిందే. పాస్‌పోర్టు, వీసా నంబర్లు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తారు, అన్నీ నింపేది రిసెప్షన్ సిబ్బందే.

ఈ వివరాలు అధికారులకే. మిగతావారి ముందు శిక్షణ పొందిన రిసెప్షనిస్టు గది నంబరును కూడా పైకి అనరు. తాళంచెవిగా ఇచ్చే కార్డు కవరు మీద రాసి, వేలితో చూపిస్తారు. ఒంటరిగా వచ్చిన మహిళ వెనక వరసలో ఎవరు నిలబడ్డారో తెలియదు కదా! ఫలానావారు ఏ గదిలో ఉన్నారని ఎవరైనా ఫోన్‌లో అడిగినా నంబరు చెప్పరు. ముందు అతిథిని అడుగుతారు, సరేనంటేనే లైను కలుపుతారు.