ఇల్లాలి బంగారం, రాజ్యం చట్టం

1962 అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఎందరో ఇల్లాళ్లు గాజులు, గొలుసులు తీసి జాతీయ రక్షణ నిధికి సమర్పించారు. మరుసటి జనవరిలోనే ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయి బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చారు. 14 క్యారట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగలు చేయరాదన్నారు. విదేశీ మారకాన్ని హరిస్తున్న బంగారు దొంగ రవాణాను అరికట్టడం లక్ష్యం.

దొంగ రవాణా ఆగలేదు. దెబ్బ తగిలింది కుంపటి ముందు కూర్చున్న స్వర్ణకారులకు. వేలాది కుటుంబాల జీవనాధారం పోయింది, ఆత్మహత్యలూ జరిగాయి. 1966లో 22 క్యారట్ల నగలకు మళ్లీ అనుమతి లభించింది. 1968 నాటి చట్టం పౌరులు బంగారు కడ్డీలు దాచుకోవడాన్ని నిషేధించింది. 1990లో ఆ చట్టమే రద్దయింది.

మరుసటి ఏడాది, విదేశీ చెల్లింపులకు మారకం కరవై, భారత్ సుమారు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల వద్ద తాకట్టు పెట్టింది. బంగారంపై మోజు తగదని కుటుంబాలకు బోధించిన రాజ్యం, ఆపదలో ఇల్లాలు చేసే పనే చేసింది.

భూమిపై హక్కు, బ్యాంకు ఖాతా లేని ఎందరో స్త్రీలకు నగలే ఆస్తి. దానిని వ్యామోహమని కొట్టిపారేసిన విధానం ఓడిపోయింది. 2015లో బంగారు బాండ్లు తెచ్చిన ప్రభుత్వం నిషేధానికి బదులు వడ్డీ చూపింది. ఇంటి పొదుపు దారి మళ్లాలంటే ముందు రాజ్యంపై నమ్మకం కుదరాలి. అది శాసనంతో వచ్చేది కాదు.