మహాయుగ సంఖ్య – శేషము నేర్పిన పాఠము



నిత్యము సంకల్పమునందు మనము కలియుగమును, దాని ప్రథమపాదమును స్మరించుచున్నాము. ఆ యుగములను కొలుచు సంఖ్య ఎట్టిదో విచారించువారు మాత్రము కొందరే. కృత, త్రేతా, ద్వాపర, కలియుగములు నాలుగును కలిసి ఒక మహాయుగము. 12,000 దివ్యవర్షములను 360 చేత గుణింపగా వచ్చు 43,20,000 సౌరవర్షములే దాని పరిమాణము.

ఈ సంఖ్యను విడదీసి చూడుడు. ఇందు 2 ఎనిమిది మారులు, 3 మూడు మారులు, 5 నాలుగు మారులు గుణకములుగా నున్నవి. మరి యే ప్రధానసంఖ్యకును ఇందు చోటు లేదు. కావుననే దీనిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు 180 కలవు. 10 చేత భాగించిన కలియుగ ప్రమాణమగు 4,32,000 వచ్చును. దానికి రెండు, మూడు, నాలుగు రెట్లు ద్వాపర, త్రేతా, కృతయుగములు. ప్రభవాది 60 సంవత్సరములచేత భాగించిన 72,000 ఆవృత్తములు. రాశిచక్రమందలి 21,600 కలలచేత భాగించిన సరిగా 200.

ఆర్యభటుడు కలియుగమున 3,600 సంవత్సరములు గడచినప్పటికి, అనగా క్రీ.శ. 499 నాటికి, 23 ఏండ్లవాడు. ఆయన మహాయుగ సంఖ్యను అంగీకరించియు, దానిని 10,80,000 చొప్పున నాలుగు సమపాదములుగా విభజించెను. ఇది స్మృతివిరుద్ధమని క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ఆక్షేపించెను. ఇరువురును మహాపండితులే.

ఇక దినముల లెక్క. మహాయుగమునకు ఆర్యభటీయము 1,57,79,17,500 దినములు చెప్పినది; నేడు ప్రచారమందున్న సూర్యసిద్ధాంతము 1,57,79,17,828 చెప్పినది. భేదము 328 దినములే! కాని మొదటి దినసంఖ్యను, వర్షసంఖ్యను 7,500 చేత అపవర్తనము చేయవచ్చును. అప్పుడు 576 సంవత్సరములకు సరిగా 2,10,389 దినములు, శేషము లేదు. రెండవదానికి 4 చేత మాత్రమే అపవర్తనము. 10,80,000 సంవత్సరములు గడచినగాని దినములు పూర్ణము కావు.

బాల్యమున పాఠశాలలో మా గురువుగారు ఈ భాగహారమును పలకమీద చేయించిరి. శేషము వచ్చినచోట నేను తుడిచివేయబోగా, "శేషమును దాచకుము, అదియే నీకు గురువు" అనిరి.

ఆ మాట నేటికిని స్మరణకు వచ్చును. సూర్యసిద్ధాంతము ప్రకారము సంవత్సరము సుమారు 365.25876 దినములు, ఆధునిక వేధచే తేలిన నక్షత్రవర్షము సుమారు 365.25636. ఏటికి భేదము మూడున్నర నిమిషములు. సుమారు 418 ఏండ్లకు ఒక దినము. పంచాంగములు భిన్నించినపుడు "ఋషిప్రోక్తమును సవరించుట దోషము కాదా?" అని భక్తులు వ్యథతో అడుగుదురు. గణితము ఆకాశముతో కలియనపుడు బీజసంస్కారము చేయుట మన జ్యోతిర్విదుల సంప్రదాయమే. బీజసంస్కారము చేసినవారు శాస్త్రమును ధిక్కరింపలేదు, రక్షించిరి.

కావున సంఖ్యను పూజించుటతో తృప్తిచెందక, లెక్కించుటయు నేర్వుడు. మన పిల్లలకును నేర్పుడు. కాలస్వరూపుడగు పరమాత్మకు సత్యమైన గణనయు ఒక అర్చనయే.

ఇతి శమ్.