కిటికీ మూయక్కర్లేని పెరడు



పోయిన ఆదివారం నా పాత స్టూడెంటొకడు అమెరికా నుంచి ఫోటో పంపాడు. ఇంటి పెరట్లో గ్రిల్లు. దాని మీద బర్గర్ల కోసం నాలుగు బీఫ్ ప్యాటీలు కాలుతున్నాయి. కింద ఒక్క వాక్యం: "సార్, ఇక్కడ కిటికీలు మూయక్కర్లేదు."

చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. హైదరాబాదులో అద్దెకున్నన్నాళ్ళూ పెద్దకూర వండే రోజు ముందు కిటికీలు మూసి, తర్వాతే పొయ్యి వెలిగించేవాళ్ళం. "మీరేమిట్లు?" అని అడగలేని ఓనరు "మీరేం తింటారు?" అని అడుగుతాడు. రెండూ ఒకటే ప్రశ్న.

మరి ఆ కుర్రాడి పెరడు ఎక్కణ్ణుంచి వచ్చింది?

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, యజమానుల విందుల కోసం గోతులు తవ్వి, కట్టెలు కాల్చి, రాత్రంతా నిప్పుల మీద మాంసాన్ని కాపు కాసింది బానిసలుగా ఉన్న నల్లవాళ్ళు. ఆ విద్య వాళ్ళది. విందు వాళ్ళది కాదు.

1920ల్లో ఫోర్డ్ కంపెనీ, కార్ల తయారీలో మిగిలిన చెక్కని బొగ్గు బిళ్ళలుగా చేసి అమ్మింది. 1950ల మొదట్లో షికాగోలో జార్జ్ స్టీఫెన్, నీళ్ళ మీద తేలే లోహపు బోయాని సగానికి కోసి మూత ఉన్న గుండ్రటి గ్రిల్లు చేశాడు. బొగ్గు దొరికింది, గ్రిల్లు దొరికింది. ఇక కావాల్సింది పెరడు.

న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి 17 వేలకు పైగా ఇళ్ళు కట్టారు. అప్పులకు ప్రభుత్వమే హామీ. తెల్లజాతి కానివాళ్ళు అక్కడ ఉండకూడదని ఒప్పందంలోనే రాశారు. ఇంటి పనివాళ్ళకు మాత్రం మినహాయింపు! ఈ మినహాయింపు మనకి కొత్తా? పేడ ఎత్తడానికి దొడ్డి గుమ్మం తెరిచే ఉంటుంది కదా.

అలాంటి ఒప్పందాల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అయినా లెవిట్ నల్లవాళ్ళకి ఇళ్ళు అమ్మలేదు. అదే 1948లో బాబాసాహెబ్ 'ది అన్‌టచబుల్స్' వచ్చింది. మనవాళ్ళు ఊరి బయట ఎందుకున్నారు, గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ముడి ఎలా పడింది అని ఆయన వెతికారు. అక్కడ జాతి, ఇక్కడ కులం. గీత గీసింది మాత్రం ఇంటి చుట్టూనే.

1957 ఆగస్టులో విలియం, డైసీ మైయర్స్ అనే నల్లజాతి దంపతులు పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో, ఇల్లు అమ్ముతున్న ఒకరి దగ్గర కొనుక్కుని దిగారు. ఇంటి ముందు వందల మంది గుమిగూడారు. రాళ్ళు పడ్డాయి. ముందుగది పెద్ద కిటికీ పగిలింది. వాళ్ళు ఇల్లు వదల్లేదు.

1968 ఏప్రిల్లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షని నిషేధించే చట్టం వచ్చింది. ఆ చట్టం నీడలోనే మన తెలుగువాళ్ళు అక్కడ ఇళ్ళు కొనుక్కుంటున్నారు.

ఆ కుర్రాడికి ఇలా రాశాను:

"నాయనా, ఫోటో చూసి కడుపు నిండింది. నువ్వు కిటికీ మూయక్కర్లేదంటే, నీకంటే ముందు ఎవరి కిటికీయో పగిలింది. ఈసారి గ్రిల్లు వెలిగించినప్పుడు మీ వీధిలో నల్లవాళ్ళ కుటుంబం ఉంటే భోజనానికి పిలువు. లేకపోతే, ఎందుకు లేదో అడుగు."