మొదటి నాడి

వైద్య కళాశాలలో మాకు పన్నెండు కపాల నాడుల పరీక్ష నేర్పారు. రెండోదాని నుంచి శ్రద్ధగా చూసేవాళ్ళం. మొదటిదైన వాసన నాడి దగ్గర మాత్రం ‘బాగానే ఉంది’ అని రాసేసేవాళ్ళం. లవంగనూనె, పిప్పరమెంటు, ఇంగువ సీసాలతో పరీక్షించాలని పుస్తకాల్లో ఉండేది. వాటి మూత తీసినవాణ్ణి నేను చూడలేదు.

ఆ నాడిని కొలవాలని పట్టుబట్టినవారు లేకపోలేదు. 1888లో హాలండు దేశస్థుడు హెండ్రిక్ జ్వార్డెమేకర్ ఆల్ఫాక్టోమీటరు తయారుచేశాడు. రబ్బరు గొట్టంలో గాజు గొట్టం జరుగుతుంది. దాన్ని బయటికి లాగినకొద్దీ పీల్చే గాలికి రబ్బరు వాసన ఎక్కువగా పడుతుంది. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర తెలిస్తే అదే కొలత. 1935లో న్యూయార్కు శస్త్రవైద్యుడు చార్లెస్ ఎల్స్‌బర్గ్, ఊపిరి బిగబట్టిన రోగి ముక్కులోకి వాసన గాలి పంపి, మెదడులో కంతి ఎక్కడుందో పసిగట్టాలని చూశాడు. సీటీ స్కాను లేని రోజులు మరి! తగిలింది వాసనా, గాలి తాకిడా అన్నది తేలకపోవడం ఆ పద్ధతిలో లోపం.

1984లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డోటీ బృందం 40 వాసనల పుస్తకాలు ప్రచురించింది. పట్టీని గోకి, వాసన చూసి, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించాలి. తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టాల్సిందే. బొత్తిగా వాసన తెలియనివారికీ గుడ్డిగా పది దాకా తగులుతాయి. మరీ రెండో మూడో వస్తే రోగి కావాలనే తప్పు చెబుతున్నాడేమోనని అనుమానించాలి.

ఆ పుస్తకాలనే మొన్నామధ్య మన తెలుగు పెద్దావిడ ఒకరి చేతికిచ్చాను. పాలు మాడినా తెలియడం లేదని కూతురు తీసుకొచ్చింది. జవాబులు తనే తెలుగులో చదివి వినిపించింది. వచ్చినవి 19. పార్కిన్సన్స్ జబ్బులో చేతి వణుకుకు ఏళ్ళ ముందే వాసన తగ్గవచ్చు. అనుమానమని కాగితం మీద రాసేశాను కూడా.

తర్వాత తప్పులు చూశాను. రూట్ బీరు, డిల్ పికిల్, జింజర్‌బ్రెడ్: ఆవిడ ఎన్నడూ ఎరగనివి. వింటర్‌గ్రీన్ దగ్గర “ఇది అమృతాంజనం కదా నాయనా, ఇందులో లేదేం?” అన్నదట. అమృతాంజనంలో ఉన్నది ఆ నూనే! ముక్కు సరిగ్గానే చెప్పింది, కాగితం తప్పు వేసింది.

మర్నాడు కాఫీపొడి, ఇంగువ, లవంగాలు, జీలకర్ర తెప్పించి, కళ్ళు మూయించి, ఒక్కో ముక్కు విడిగా చూశాను. కర్పూరం పెట్టలేదు, దాని ఘాటు వేరే నాడికీ తగులుతుంది. వాసన కాస్త మందగించింది, వయసుకు తగ్గట్టే. రాసింది కొట్టేశాను.

ఆ పరీక్షకే తర్వాత వేరే దేశాలకు తగిన కూర్పులు వచ్చాయి. 2013లో పార్కిన్సన్స్ రోగులకు భారతీయ వాసనలతో చేసిన పరీక్ష ఫలితాలు మన దేశపు వైద్యులే ప్రచురించారు. నా బల్ల సొరుగులో ఇప్పుడు ఇంగువ డబ్బా ఉంటోంది. నర్సులు ఆ సొరుగు తెరవడం మానేశారు.