పంపినవారి ధ్రువీకరణ (ఈమెయిల్)

ఈమెయిల్ మీద కనిపించే చిరునామా నుంచే అది నిజంగా వచ్చిందా అని అందుకునే సర్వర్ తనిఖీ చేసే పద్ధతి. ఈమెయిళ్లను చేరవేసే 1982 నాటి ఎస్‌ఎంటీపీ నియమావళిలో ఈ తనిఖీ లేదు. ఎవరి పేరుతోనైనా ఎవరైనా మెయిల్ పంపగలిగేవారు.

ఆ లోటును మూడు ఏర్పాట్లు పూడుస్తున్నాయి. ఒక డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. డీకిమ్ డిజిటల్ సంతకం చేరుస్తుంది. పరీక్షలో తప్పిన మెయిల్‌ను స్పామ్‌లో వేయాలో, తిప్పికొట్టాలో డీమార్క్ నిర్దేశిస్తుంది. రోజుకు 5,000 లేదా అంతకన్నా ఎక్కువ మెయిళ్లు పంపేవారికి జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి మూడింటినీ తప్పనిసరి చేసింది.

వీటిపై ఏకాభిప్రాయం లేదు. దొంగపేర్లకు అడ్డుకట్ట పడుతుందన్నది సమర్థకుల మాట. అయితే 2014 ఏప్రిల్‌లో యాహూ డీమార్క్‌ను కఠినం చేయగానే, దాని ఖాతాదారులు చర్చా బృందాలకు రాసిన అసలు మెయిళ్లూ వెనక్కి వెళ్లాయి. పైగా సొంత డొమైన్ కొన్న మోసగాడు కూడా ఈ పరీక్షలు నెగ్గగలడు.

అందుకే డొమైన్ ఎవరికిస్తున్నారన్నది కీలకం. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో స్థాపించిన ఐడీఆర్‌బీటీ, బ్యాంకులకు మాత్రమే ‘బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలిస్తోంది. బ్యాంకులు వాటికి మారడానికి పెట్టిన గడువు 2025 అక్టోబరు 31.

‘జీవోవీ డాట్ ఇన్’ ప్రభుత్వ సంస్థలకే దక్కుతుంది. ఉదాహరణకు, చిన్నతిరుపతిగా పేరొందిన ద్వారకా తిరుమల ఆలయం దేవాదాయ శాఖ పరిధిలోనిది. ఆ శాఖ పోర్టల్ ఈ డొమైన్ కిందే ఉంది. అందుకే ఆలయ గది, సేవల పేరుతో మెయిల్ వస్తే, డబ్బు కట్టేముందు భక్తులు చిరునామా చివరి భాగాన్ని తప్పక చూడాలి.